గొల్లకావడి కింద గులాబి మబ్బు

దగ్గరికి రా ఉదయమ్మా, ఇంకా దగ్గరికి. ముందు ఆ కిటికీ మూసిరా. పక్కింటి నాగేశ్వరయ్య చెవులు మన గోడకే ఉంటాయి. మీ అక్క హిమబిందు ఆకాశాన్ని ఫోటో తీసిన సంగతి చెప్తా విను.

మొన్న మాఘమాసం దాకా శుక్రమూఢం గదా. శుక్రుడు సూర్యుని చాటుకు పోయినాడు, ముహూర్తాల్లేవు, కోడుమూరు మొత్తంమీద ఒక్క పెళ్లి లేదు. పెళ్లి ఫోటోలు తీసే శివశంకర్ కెమెరా బీరువాలో పండుకోనుండాది. మూఢం విడిచేదాక అని మీ అక్క అడిగి తెచ్చుకునింది. టెలిస్కోపు గిలిస్కోపు ఏమీ లేదు. ఆ కెమెరా, ఊగులాడే స్టాండొకటి. గాలికి కదలకుండా నేనే మన అంగట్లోంచి రాళ్లుప్పు సంచి తెచ్చి దానికి వేలాడదీసినా.

మూడు చుక్కలు వరసగా ఉంటాయే గొల్లకావడి, దాని కింద చుక్కలు పుట్టే మబ్బొకటి ఉండాదంట. కంటికి శానా మసక. మొదటివారం చుక్కలన్నీ బూందీలడ్ల మాదిరి వచ్చినాయి, ఫోకస్ కుదరలేదు. రెండోవారం సేమ్యా మాదిరి సాగినాయి, కెమెరా కన్ను ఎక్కువసేపు తెరిచిపెట్టిందంట. ఐదైదు సెకన్లవి రెండువందలు తీసి కంప్యూటరులో ఒకదానిమీదొకటి పేర్చాలని చివరికి తెలుసుకునింది. పలచటి చీరను మడతమీద మడత వేస్తే రంగు చిక్కబడుతుంది చూడు, అట్ల.

అన్నీ కుదిరేసరికి ఒక్క రాత్రే మిగిలింది. తెల్లారితే అహోబిలంలో పెళ్లి, ఐదింటికే శివశంకర్ కెమెరాకు వస్తాడు. ఆ పొద్దే నాగేశ్వరయ్య తన మిద్దెమీద పెద్ద ఫోకస్ లైటు పెట్టించినాడు. మన మిద్దెంతా పట్టపగలు!

"ఏమప్పా, గంటసేపు ఆపరాదా?" అన్నా.

"మిరపకాయలు ఆరేసుండాం. దొంగలొస్తే నువ్వు కాపలా ఉంటావా పెద్దమ్మా?" అనె.

"ఇంక చాల్లే అవ్వా" అని హిమబిందు స్టాండు మడుస్తాంది. ఆ మొహం చూడలేకపోయినా. "ఉండుమే" అని గోడకాడికి పోయి, నాగేశ్వరయ్య భార్య నాగలక్ష్మమ్మను పిలిచినా. వాళ్ల కొడుకు ప్రదీప్‌కుమార్‌కు మూడేండ్లుగా సంబంధాలు చూస్తాండారు. సంబంధమోళ్లు ముందుగా విచారించేది పక్కింటోళ్లనే గదా!

"కడపోళ్లెవరో ఫోన్ చేసినారు నాగలక్ష్మీ, మీ పిల్లోని గురించి. వాళ్ల మనిషి ఇప్పుడే మన వీధిలో పోతా చూసినాడంట. మిద్దెమీద అంత లైటు ఎందుకు, పేకాట ఆడిస్తారా అని అడుగుతాండారు. ఏం చెప్పమంటావు?"

నేను నోరు మూసేలోపల లైటు ఆరిపాయె.

మీ అక్క స్టాండు మళ్లీ నిలబెట్టి బటన్ నొక్కింది. టక్కు, టక్కుమని దానంతటదే తీసుకుంటాంది. పది ఫోటోలు కూడా కాలేదు, నాగేశ్వరయ్య టార్చి వేసుకొని మన మిద్దె ఎక్కుతాండాడు! ఆ వెలుతురు పడితే అంతా పాడు. ఉరికిపోయి టార్చి లాక్కొని కొంగులో చుట్టేసి, ఆయన్ను మెట్లమీదే కూర్చోబెట్టినా.

"ఎవరు పెద్దమ్మా ఆ కడపోళ్లు?"

రెండువందలు అయ్యేదాక ఆయన లేయకూడదు. ఇంకేం చేసేది? వాళ్లకు మాటల్లోనే కడపలో బట్టలంగడి పెట్టించినా. టక్కు. పిల్లను ఎంబీయే చదివించినా. టక్కు.

"ఏందది టక్కు టక్కుమంటాంది?"

"నా మోకాళ్లప్పా."

"పాపం. పిల్ల పేరు?"

"మధులత."

"పొడుగేనా?"

"నీకంటే పొడుగు."

"అయిపోయిందవ్వా!" అని మీ అక్క అరిచింది. టార్చి ఆయన చేతిలో పెట్టి "పోయి పండుకో నాయనా" అన్నా.

ఫోటోలు కంప్యూటరులోకి దించుకొని ఐదింటికి కెమెరా ఇచ్చేసింది మీ అక్క. ఇద్దరం కంప్యూటరు ముందర కూర్చుంటిమి. గొల్లకావడి కింద నలిగిన గులాబిరేకంత మబ్బు, ఎంత ముద్దుగా తేలిందో! నన్ను కరుచుకొని ఏడ్చింది పిచ్చిది.

అంతలోనే నాగలక్ష్మమ్మ ఓళిగలు తెచ్చింది, కడపోళ్ల ఫోన్ నంబరు కావాలని. నేను తినేసినా కూడా.

ఇప్పుడు కడపలో బట్టలంగడోళ్ల పొడుగు పిల్లను నిజంగానే వెతుకుతాండా. అందుకే అమ్మీ, ఇదంతా బాగా గుర్తుపెట్టుకో. నీ స్నేహితులకు చెప్పు, వాళ్లను వాళ్ల చుట్టాలకు చెప్పమను. కథ కడప దాకా పోవాల, యాడో ఒక మధులత వినాల. మన వీధిలో మాత్రం చెప్పొద్దు.