రెండు చేతుల మాటలు

మహర్నవమి మధ్యాహ్నం భుజంగరావు లాప్‌టాప్ మూత తెరిచేసరికి, స్క్రీను మూలన ఉండాల్సిన వైఫై గీతలు అక్కడ లేవు. దేవుడి గదిలో పీట మీద కూర్చుని ఉన్నాయి. నాలుగూ వంపు తిరిగి, చిన్నదాని వెనక పెద్దది, ఒంటినిండా పసుపు రాసుకుని, కత్తిపీటకూ కుట్టుమిషనుకూ మధ్య ఒద్దికగా సర్దుకున్నాయి. వాటి ముందు అరటిపండు నైవేద్యం కూడా ఉంది.

భుజంగరావు ఆశ్చర్యపోడు. ఆశ్చర్యపోవడానికి కూడా ఓపిక ఉండాలి కదా. బందరులో ఒక ప్రెస్సులో పెళ్ళికార్డులూ కరపత్రాలూ కంపోజు చేసి చేసి అతని ఓపిక ఎప్పుడో అయిపోయింది.

"కనకా, వైఫై పీటెక్కి కూర్చుంది," అంటాడు.

"పొద్దున పూజ చేశాం కదండీ," అంటుంది వంటింట్లోంచి భార్య కనకవల్లి. "ఆయుధపూజ అన్నాక పనిముట్లన్నిటికీ బొట్టు పెట్టాలిగా. మీ లాప్‌టాప్‌కి ఎడం పక్కన చిన్న దీపం వెలుగుద్దే, దాని మీద పెట్టా."

"అది వైఫై దీపమే."

"అయితే దానికి ఇయ్యాళ పని చెప్పకూడదు. రేపు దశమి పొద్దున ఉద్వాసన చెప్పాకే లేచుద్ది."

ఆమె అన్నదాంట్లో తప్పేమీ లేదు. పూజలో కొలువైన దేవుణ్ణి ఇక దయచేయండి స్వామీ అని సాగనంపేదాకా, పీట మీదున్నది దేవుడే తప్ప వస్తువు కాదు. దేవుడికి పని చెప్పే మొనగాడు ఈ వీధిలో ఎవడూ లేడు.

కానీ రేపటిదాకా ఆగడానికి లేదు. భుజంగరావు చెల్లెలు చంద్రమతికి పుట్టినప్పటి నుంచీ వినపడదు. గుంటూరులో వినపడని పిల్లల హాస్టల్లో కుట్టుపని నేర్పుతుంది. చిన్నప్పుడు అన్నాచెల్లెళ్ళిద్దరూ కలిసి చేతులతో ఒక భాష కట్టుకున్నారు. అది ఏ బడిలోనూ లేదు. దానికి ఒకటే కట్టుబాటు: ఒకరు చెప్పిన మాటను రెండోవారు తమ చేతులతో తిరిగి చెప్పాలి, అప్పుడే అది మాట కింద లెక్క. పెళ్ళిళ్ళయినా, తలలు నెరిసినా, ఆదివారం ఆదివారం లాప్‌టాప్ ముందు కూర్చుని ఇద్దరూ ఆ భాషలోనే లోకాన్ని తిడుతూ ఉంటారు.

ఇప్పుడు ఆమె కుడి మణికట్టులో గడ్డ లేచింది. ఇవాళ సాయంత్రం ఆపరేషన్. రోగానికి పండగేమిటి, పబ్బమేమిటి. తర్వాత వేళ్ళు వంగుతాయో వంగవో చెప్పలేనని డాక్టరు చేతులు దులుపుకున్నాడు. "వంగకపోతే ఒంటి చేతి మాటలే మిగులుతాయి అన్నయ్యా. లోపలికి తీసుకెళ్ళేలోగా రెండు చేతుల మాటలన్నీ నీకొకసారి చెప్పేస్తా. నాలుగింటికి తెర మీదికి రా," అని నిన్న కనకవల్లి ఫోనుకి మెసేజీ పెట్టింది.

కనకవల్లిది నొక్కుడు ఫోను, అందులో చేతులు కనపడవు, పైగా అదీ బొట్టు పెట్టుకుని ఉంది. భుజంగరావు ఫోను రిపేరులో ఉంది. పక్కిళ్ళలో అడుగుదామంటే వీధిలో ఫోన్లన్నీ ఎవరింటి పీట మీద వాళ్ళవి బొట్లు పెట్టుకుని కూర్చున్నాయి. పోనీ మనిషే వెళ్దామంటే డిపోలో బస్సులు బంతిపూల దండలు వేసుకుని కళ్ళు మూసుకున్నాయి. డ్రైవర్లు చెప్పులు విడిచి వాటి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు. భుజంగరావు పొద్దున్నే వెళ్ళి చూసి వచ్చాడు.

ఇక దిక్కు ఆ లాప్‌టాపే. పాతదైపోయి నత్తనడక నడుస్తోందని కిందటేడు అందులో ఉన్నదంతా తుడిచేసి లినక్స్ వేశాడు. ప్రెస్సులో అందరూ వద్దన్నారు, కొరివితో తల గోక్కోవద్దన్నారు. విన్నాడా? లోకంలో ఎవరెవరో తలో ఇటుకా పేర్చి ఊరికే కట్టిపెట్టిన సిస్టమ్ అది. దానికి యజమాని అంటూ లేడు, కాబట్టి తిట్టడానికి కూడా ఎవడూ దొరకడు.

భుజంగరావు టెర్మినల్ తెరుస్తాడు. అదొక నల్లటి కిటికీ. అందులో ఆజ్ఞ టైపు చేస్తే పని జరుగుతుంది, జరగకపోతే ఎందుకు జరగలేదో జవాబు వస్తుంది. లోపల ఉన్న పరికరాలేమిటో చెప్పమని అడుగుతాడు.

"కీబోర్డు ఉంది. కెమెరా ఉంది. వైర్‌లెస్ కార్డు పూజలో ఉంది," అని జవాబు వస్తుంది.

దాన్ని లేపమని టైపు చేస్తాడు.

"దేవుణ్ణి లేపే అధికారం మీకు లేదు."

సర్వాధికారిగా అడుగుతున్నానని పాస్‌వర్డు కొడతాడు.

"మీరే యజమాని అని ఒప్పుకుంటున్నాం. యజమాని కూడా పీట ముందు నేల మీదే కూర్చుంటాడు."

అదీ నిజమే అనిపిస్తుంది. లాప్‌టాప్ తీసుకెళ్ళి దేవుడి గదిలో నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంటాడు. గీతల్లో అన్నిటికన్నా చిన్నది అతని వంక ఒకసారి చూసి, పెద్దవాళ్ళు ఏమంటారోనని మొహం తిప్పేసుకుంటుంది.

ఏమీ తోచనప్పుడు ఎవరైనా చేసేదే అతనూ చేస్తాడు, ఆపేసి మళ్ళీ పెడతాడు. లాప్‌టాప్ ఆరిపోతుంది. దానితోపాటు వీధిలో ఎండ కూడా ఆరిపోతుంది. కనకవల్లి ఉప్పుతో ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఆగుతుంది, పోపులో ఆవాలు చిటపటమనబోయి ఊరుకుంటాయి. కాసేపటికి అన్నీ వరసగా వెలుగుతాయి. ముందు ఎండ, ఆ తర్వాత ఆవాలు, చివర కనకవల్లి. కిటికీ మాత్రం ఎదుటి గోడకు మారింది. గీతలు పీట దిగలేదు.

"మళ్ళీ రీస్టార్ట్ చేశారా?" అంటుంది కనకవల్లి. "చెప్పి చెయ్యొచ్చుగా. కూరలో ఉప్పేశానో లేదో మర్చిపోయా."

ఇలాంటప్పుడు ఫోరంలో అడగాలి. లినక్స్ వాడేవాళ్ళు ఒకరికొకరు సలహాలు చెప్పుకునే చోటు అది. కానీ వైఫై రావడం లేదని అక్కడ అడగాలంటే ముందు వైఫై ఉండాలి. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు. పాపం, ఫోరం వాళ్ళే అతని అవస్థ చూసి ముగ్గురు నడిచి వచ్చి వీధి అరుగు మీద కూర్చుంటారు. ముఖాలు ఉండాల్సిన చోట వాళ్ళకు చిన్న గుండ్రటి బొమ్మలు ఉన్నాయి. ఒకరికి పిల్లి, ఒకరికి కొండ, ఒకరికి ఉత్త బూడిదరంగు. కనకవల్లి ముగ్గురికీ మజ్జిగ ఇస్తుంది.

"నాకూ ఇదే సమస్య," అంటాడు బూడిదరంగాయన. ఆ ముక్క చెప్పడానికే అంత దూరం నుంచి వచ్చినట్టున్నాడు.

"దీని గురించి ఇంతకు ముందే మాట్లాడుకున్నాం," అంటుంది పిల్లిబొమ్మావిడ. "వెతుక్కోకుండా అడుగుతారేంటి?"

కొండబొమ్మాయన కాస్త నయం. గ్లాసు కింద పెట్టి, "చిక్కంతా పీటతోనేనండి," అంటాడు. "పూజలో పీట మీద చోటు ఖాళీ పడకూడదు. ఒక పనిముట్టు లేవాలంటే ఇంకో పనిముట్టు ఆ చోట్లో కూర్చోవాల. మీ ఇంట్లో ఇంకా బొట్టు పెట్టనిది ఏదన్నా ఉందేమో చూసుకోండి."

"మీరేం పెట్టారు?" అంటాడు భుజంగరావు ఆశగా.

"నా సమస్య తీరింది, ధన్యవాదాలు," అని కొండబొమ్మాయన లేచి వెళ్ళిపోతాడు. ఏం పెట్టాడో చెప్పడు. ఇలాంటివాడు ప్రతి ఫోరంలోనూ ఒకడుంటాడు, వాణ్ణి ఏం చేసినా పాపం లేదు.

భుజంగరావు ఇల్లంతా గాలిస్తాడు. కనకవల్లి ఏ పని మొదలుపెట్టినా సగంలో వదిలే మనిషి కాదు. సుత్తికి బొట్టుంది, కత్తెరకు ఉంది, అప్పడాల కర్రకు ఉంది, గొడుగుకు ఉంది, చెవిలో గుబిలి తీసే పుల్లకు కూడా ఉంది. గోడగడియారానికీ పెట్టింది కాబట్టి అది ఆగిపోయి ఉంది, దాన్ని చూసి లాప్‌టాప్‌లో గడియారమూ ఆగింది, నాలుగైందో లేదో తెలియదు. ఎండ మాత్రం వాలుతోంది. అక్కడ చంద్రమతి మంచం మీద లేచి కూర్చుని, ఖాళీ తెర వంక చూస్తూ ఉంటుంది. అది తలుచుకుంటే భుజంగరావుకు ఏడుపు వస్తుంది. పీట ముందు కూలబడి కాసేపు ఏడుస్తాడు కూడా. కళ్ళు తుడుచుకోబోయి తన చేతులకేసి చూస్తాడు.

"వీటికి పెట్టలేదు కదూ?"

కనకవల్లి గుమ్మంలో నిలబడి ఆ చేతులకేసి చూస్తుంది. "లేదు. కానీ అవి పీటెక్కిస్తే మీరు మాట్లాడేదెట్టా?"

"చూడ్డానికి చేతులక్కర్లేదుగా."

"చెప్పిన మాట తిరిగి చెప్పకపోతే లెక్కలోకి రాదని మీరే అంటారు."

"దాని మొహమన్నా చూడనీ కనకా. అలిసిపోయాను."

ఆమె పసుపు గిన్నె అందుకుంటుంది. అతని చేతులు మణికట్ల దగ్గర, చొక్కా గుండీ విప్పినంత తేలిగ్గా ఊడి వస్తాయి. నొప్పి లేదు. కనకవల్లి వాటికి పసుపు రాసి, బొట్టు పెట్టి, కత్తిపీట పక్కన పీట మీద ఉంచుతుంది. వెంటనే వైఫై గీతలు లేచి నిలబడి, ఒళ్ళు దులుపుకుని, ఒకదాని వెనక ఒకటి నేల మీదుగా నడిచి వచ్చి లాప్‌టాప్ ఎక్కి మూలన సర్దుకుంటాయి. అంతసేపు కూర్చోవడం వల్ల వాటికి కాళ్ళు తిమ్మిరెక్కాయని నడక చూస్తేనే తెలుస్తోంది.

తెర మీద చంద్రమతి. ఆసుపత్రి పచ్చ గౌను, నూనె రాసి బిగించి వేసిన జడ. అన్నను చూడగానే చెవి మెలిపెట్టుకుంటుంది. వాళ్ళ భాషలో అన్నయ్య అంటే అదే. ఆలస్యమైందేమని అడగదు, టైము తక్కువని ఆమెకు తెలుసు. రెండు చేతులూ ఎత్తి మొదలుపెడుతుంది.

పది వేళ్ళూ పైనుంచి కిందికి రాలతాయి. వాన. రెండు పిడికిళ్ళు ఒకదాన్నొకటి గుద్దుకుని విడిపోతాయి. తగువు. అరచేతుల మధ్య గాలిని గుండ్రంగా తట్టి అటూ ఇటూ తిప్పుతుంది. జొన్నరొట్టె. రెండు చేతులతో లేని జుట్టును మూడు పాయలు తీసి, అల్లబోయి, మధ్యలో వదిలేస్తుంది. అమ్మ పోయిన రోజు.

ఒక్కో మాట తర్వాత ఆగి, అన్న చేతుల కోసం చూస్తుంది. భుజంగరావు చొక్కా చేతులు ఎత్తుతాడు. వాటి చివర ఏమీ లేదు. చంద్రమతి ముఖం వాడిపోతుంది. ఇంతకంటే తెర తెరవకపోతేనే బాగుండేదని అతనికి అనిపిస్తుంది.

అప్పుడు అతని భుజాల మీదుగా రెండు చేతులు ముందుకు వస్తాయి. తడి ఇంకా ఆరలేదు, ఇంగువ వాసన వేస్తున్నాయి. అవి వాన అంటాయి. తగువు అంటాయి. జొన్నరొట్టె అంటాయి. జుట్టు పాయలు తీసి, మధ్యలో వదిలేస్తాయి.

భుజంగరావు వెనక్కి తిరిగి చూస్తాడు. "నీకిది ఎప్పుడొచ్చింది?"

"పదేళ్ళుగా ప్రతి ఆదివారం మీ వెనక గుమ్మంలో కూర్చునే కదా చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నా," అంటుంది కనకవల్లి. "గోడకైనా వచ్చుద్ది. నన్నెవరూ అడగలేదు, నేను చెప్పలేదు. ముందుకు చూడండి, చంద్ర ఏదో అంటోంది."

కనకవల్లి చేతి మాటలో యాస ఉంది. వానను కొబ్బరి తురిమినట్టు చెబుతుంది. చంద్రమతి పడీపడీ నవ్వి, దిద్ది, మళ్ళీ చెప్పిస్తుంది. భుజంగరావుకు సిగ్గేస్తుంది, సంతోషమూ వేస్తుంది. ఆ రెంటి మధ్యా కూర్చుని, వదినా ఆడపడుచుల మధ్య మాటలు ఇటు నుంచి అటు పోవడం చూస్తూ ఉంటాడు. ముడి అయింది. కౌగిలి అయింది. గుడ్డ పిండటం, చలి కాచుకోవడం, "బొత్తిగా బుద్ధి లేదు" అనడం, అన్నీ అయ్యాయి.

ఇంకొక్క మాట మిగిలి ఉండగా నర్సు స్ట్రెచర్ తోసుకుంటూ వస్తుంది. చంద్రమతి ఆమె వంక చూస్తుంది, తన కుడి చేతి వంక చూస్తుంది. మెల్లిగా దాన్ని మణికట్టు దగ్గర విప్పి, తెరలోంచి ఇవతలికి చాపి, కీబోర్డు మీద జాగ్రత్తగా దించుతుంది.

"లేని చేతికి ఆపరేషన్ చెయ్యరు," అంటుంది ఎడమ చేత్తో. అది ఒంటి చేతి మాటే. "మీ దగ్గరుంచండి."

ఆమెను ఎత్తి స్ట్రెచర్ మీద కూర్చోబెడతారు. కీబోర్డు మీద ఆమె చెయ్యి కాసేపు ఊపిరి తీసుకుంటుంది. గోళ్ళకు గోరింటాకు ఉంది, చూపుడు వేలి మీద సూది గుచ్చుకున్న మచ్చలున్నాయి. మిగిలిపోయిన మాట చెప్పాలని లేస్తుంది. సగమే చెప్పగలుగుతుంది. రెండో సగానికి జత లేక గాలిలో అలాగే నిలబడిపోతుంది.

కనకవల్లి తన ఎడమ చేతిని తీసుకెళ్ళి దాని పక్కన పెడుతుంది. రెండు అరచేతులూ అంచులు కలిసి, మధ్యలో గుంట పడి, ముందు వైపు కొస తేలుతుంది.

పడవ.

తెర మీద ఆసుపత్రి వరండాలో స్ట్రెచర్ చక్రాలు నేలను వదులుతాయి. నీళ్ళు మెల్లిగా పెరుగుతున్నాయి. నర్సు చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని పక్కకు తప్పుకుంటుంది. చంద్రమతి నిటారుగా కూర్చుని, ఉన్న ఒక్క చేత్తో తెడ్డు వేస్తోంది. ఆపరేషన్ థియేటర్ గుమ్మంలో డాక్టర్లు మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి దారి ఇస్తారు. ఆమె అటు చూడదు. వరండా చివరికంటా వెళ్ళి, తెర అంచు దాటి, బందరులో అన్నయ్య ఇంటి గోడ మీదికి మలుపు తిరుగుతుంది.

కనకవల్లి ఎడమ చెయ్యి కదపకుండా, కుడి చేత్తో నేల మీది బియ్యం డబ్బా తడవకుండా ఎత్తి పక్కనున్న గట్టు మీద పెడుతుంది.