రేపటి మూట

సగిలేరు పొంగి మగ్గం గుంతలన్నీ నీళ్లతో నిండిన వరదకు అది అయిదో ఏడు. తూర్పున ఇంకా తెల్లబారలేదు. శేషన్న కట్టెల మోపు వెనక మోకాళ్ల మీద వంగి కీచురాళ్లు పడుతున్నాడు. యాభై రెండేళ్ల మనిషి. నలభై ఏళ్లు గుంతలో కాళ్లు పెట్టుకుని నేసిన నడుము. వంగితే లేవదు, లేస్తే వంగదు. దోసిలి మూసేలోపలే పురుగు ఎగిరి పోయింది.

“ఎన్ని దొరికినాయిరా?” లోపల మంచం మీది నుంచి అక్క రామసుబ్బమ్మ అడిగింది.

“రెండు.”

“నాలుగన్నా లేకుంటే మద్యానం దాకా రావు.”

“నీ ముంగిసకు నేను జీతగాణ్ణా?” అన్నాడు. అని, మళ్లీ వంగాడు.

ముంగిసను తెచ్చింది మాత్రం తానే. వరద తీశాక మగ్గం గుంతల్లో పాములు చేరాయి. ఏటి గట్టున తడిసి వణుకుతున్న పిల్లను పంచెలో చుట్టి తీసుకొచ్చాడు. రెండేళ్లు తిరిగేసరికి గుంతలో పాము లేదు. ముంగిసకు పనీ లేదు. పీడ అప్పుడు మొదలైంది. గంజి కుండ దొర్లించేది. నూలు కండెలు ఎత్తుకుపోయి, కోడిగుడ్డు పగలగొట్టినట్టు వెనక్కాళ్ల సందులోంచి గోడకేసి కొట్టేది. కట్టేస్తే తన తోక తానే కొరుక్కునేది.

దానికి ఉపాయం కనిపెట్టింది అక్క. ఉగాదికి ముందు జారిపడి మంచం పట్టిన మనిషి, చేతులు మాత్రం ఆడతాయి. ఒక్కో పురుగును పాత గుడ్డపేలికలో పెట్టి ముడేసి, ఆ మూటలను పిడతలో కుక్కి, పైన కొబ్బరి పీచు దట్టించేది. ముంగిస పీచు పీకి, మూట బయటికి లాగి, దాంతో పెనుగులాడి పురుగును తినేసరికి శానా పొద్దు పోయేది. ఒక్క మూట మాత్రం దిండు కింద దాచేది. అది మర్నాటిది. తమ్ముడు కట్టెల వెనకనుంచి వచ్చేదాకా ముంగిస చేతికి ఏదో ఒకటి ఉండాలని.

“పనిలేక అట్ల జేస్తాదిరా, చెడ్డది గాదు,” అనేది.

పోయిన నెల శేషన్న కూడా ఒక ఉపాయం చేశాడు. అరిగిపోయిన నాడె ఒకటి ఆడుకోమని దాని ముందు పారేశాడు. పోగును ఈ కొస నుంచి ఆ కొసకు మోసే నాడె. పాతదానికీ కొత్తదానికీ ఒకటే నూనె వాసన, ఒకటే చెయ్యి వాసన. ఆ సంగతి శేషన్నకు తట్టలేదు. ఈ పొద్దు చద్ది తిని వచ్చేసరికి కొత్త నాడె గోడ కింద పడి ఉంది. కొసన సన్నటి చీలిక. కంటికి ఆనలేదు. మగ్గంలో వేసిన మొదటి విసురుకే చీలిక నీలి పోగులను పట్టి లాగింది. ఇరవై మూడు తెగాయి.

ఒక్కో కొసా వెతికి, ఉమ్మితో తడిపి, ముడేస్తూ కూర్చున్నాడు. తెగిన ముక్కలను కసిగా మంచం వైపు విసిరాడు. పొద్దు నడినెత్తికి వచ్చింది. అప్పుడే పక్కింటి గురమ్మ వాకిట్లో నిలబడింది.

“శేషన్నా, మా కోడి పెట్టిన గుడ్డు యాడ పోయిందో మీ దొరను అడుగు.”

“నువ్వే అడుగు. నా మాట ఇంటాదా?”

“యాల ఇనదు? తెల్లారితే కట్టెల సాటున మోకాళ్లేసి మొక్కుతాండావు గదా!”

అక్క నవ్వింది. నవ్వు దగ్గులోకి దిగింది. శేషన్నకు ఒళ్లు మండింది. గుంతలోంచి లేచి, అటక మీది మూతగంప దించి వాకిట్లో పడేశాడు.

“రేపు తెల్లారి లంకమల కొండ కాడ ఇడిసొస్తా. ఇంక నాతో గాదు.”

గురమ్మ వెళ్లిపోయింది. అక్క దగ్గు ఆగేదాకా ఆగి, “కొండలో దానికేం తెలుసురా? నక్క ఎత్తుకపోతాది,” అంది.

“పోనీ.”

“అది పోతే పొద్దంతా నేనేం జెయ్యాలప్పా?”

శేషన్న పళ్ల మధ్య పోగు ఉంది. దాన్ని కొరికి ముడేసి, “రేపే,” అన్నాడు.

తర్వాత శేషన్న నాడె చీలిన కొసను అరగదీసి నేతకు కూర్చున్నాడు. మంచం మీద పేలికలు చిరుగుతున్న చప్పుడు కొంతసేపు వినిపించింది. పొద్దు వాలే వేళకు ముంగిస ఖాళీ పిడతను దొర్లించుకుంటూ గుంత అంచుకు వచ్చి అతని చెయ్యి గీరింది.

“పో, ఆమె కాడికి పో.”

పోలేదు.

“అక్కా, దీన్ని పిలుసుకో.”

జవాబు రాలేదు. రెండోసారి పిలవకుండానే గుంతలోంచి లేచాడు. రామసుబ్బమ్మ గోడ వైపు తిరిగి ఉంది. చెయ్యి దిండు కింద ఉంది. చల్లబడి ఉంది.

వీధివాళ్లు వచ్చి ఆమెను నేల మీద పడుకోబెట్టారు. తలాపున దీపం పెట్టారు. మైల తీరేదాకా మగ్గం ముట్టకూడదు గనక శేషన్న నాడె తీసి పక్కన పెట్టి, నేసినంత మేర పాత దుప్పటి కప్పాడు.

మర్నాడు తెల్లవారుతుండగా, మోసేవాళ్లు వచ్చేలోపల, మంచం మీది పక్క తీయబోయాడు. దిండు ఎత్తితే మూట ఉంది. నిన్న తాను విసిరిన నీలి పోగులను పేని, వాటితో చుట్టి, గట్టిగా ముడేసి ఉంది. కొండ మాట అన్న తర్వాత కట్టిన మూట.

చాలాసేపు దాన్ని అరచేతిలో పెట్టుకుని నిలబడ్డాడు. ముంగిస కాళ్ల చుట్టూ తిరిగింది. మూట దాని ముందు పెట్టాడు.

“కానీ. నీకైనా పనుండాది,” అన్నాడు.

వాకిట్లోని గంపను తిరిగి అటక మీద పెట్టాడు. పోయి కట్టెల మోపు వెనక మోకాళ్లేశాడు. రెండు కీచురాళ్లు పట్టుకుని వచ్చేసరికి ముంగిస పిడతలో తల దూర్చి ఉంది. నేల మీద పేలిక మిగిలింది. దానికి ఒక పక్క చిల్లి పడింది. నీలి ముడి మాత్రం వేసింది వేసినట్టే ఉంది.