బాగుంది తాతయ్య నాలుక

"ఆ డబ్బా వంటింట్లో ఉంటే నేనుండను. నేనుంటే డబ్బా ఉండదు. ఏదో ఒకటి తేల్చుకో అమ్మాయ్."

పెద్దావిడ ఈ మాట అనేసరికే గొడవ సగం దూరం వచ్చేసింది. డబ్బా ఏ అరలో పెట్టాలన్న దగ్గర మొదలై, స్టవ్ గట్టు కిందా, గోధుమపిండి పక్కనా అని వంటిల్లంతా ఒక చుట్టు తిరిగి, మనుషులు తినేది ఏమిటి, పశువులు తినేది ఏమిటి అన్న పెద్ద ప్రశ్న దగ్గర ఆగింది. డబ్బాలో ఉన్నది పొద్దుతిరుగుడు గింజల పిండి. గింజల నుంచి నూనె తీశాక మిగిలే చెక్కని మిల్లు వాళ్లు ఇన్నాళ్లూ దాణాకి అమ్ముకునేవాళ్లు. ఇప్పుడు కోడలు పనిచేసే ల్యాబ్ వాళ్లు దాన్ని కొని, పొట్టు జల్లించి, మెత్తగా పట్టి, బిస్కెట్లు చేస్తున్నారు.

"గోధుమపిండి కన్నా రెండింతల బలం ఉందత్తయ్యా ఇందులో."

"గేదెలకి పెట్టేటప్పుడూ బలమనే పెట్టేవాళ్లు."

"మరి ఏ గేదైనా నీరసంగా ఉందని మీరు విన్నారా?"

"వింటున్నారా? మీ కోడలు నన్ను గేదెతో సమానం చేస్తోంది," అని పెద్దావిడ హాల్లోకి గొంతు పెంచింది.

హాల్లో కిటికీ పక్కన కూర్చున్న పెద్దాయన వింటూనే ఉన్నారు. వినడం వేరు, వినిపించుకోవడం వేరు అని ఆయనకి తెలుసు. ముప్ఫై ఏళ్లు సిటీ బస్సు నడిపిన మనిషి. ఆయన సీటు వెనక 'డ్రైవరుతో మాట్లాడరాదు' అని బోర్డు ఉండేది. రిటైరయ్యేటప్పుడు ఆ బోర్డుని మనసులో పెట్టుకుని ఇంటికి తెచ్చుకున్నారేమో, ఏ గొడవొచ్చినా చూపు రోడ్డు మీదే ఉంచుతారు. ఇక కంచం ముందు కూర్చుంటే ఆయన నోట వచ్చేది ఒకటే మాట, బాగుంది. మాడినా బాగుంది, ఉడక్కపోయినా బాగుంది. తొమ్మిదేళ్ల మనవరాలు ఆయనకి 'బాగుంది తాతయ్య' అని పేరు పెట్టేసింది. నోట్లో నాలుక లేని మనిషి అని ఎదురింటివాళ్లు కూడా అనుకుంటారు.

ఆ ఇంట్లో నాలుకంటూ ఉన్నది పెద్దావిడకే. ఎవరింట్లో ఏం తిన్నా, తిరిగొచ్చి చెప్పులు విప్పేలోపు దాని గుణదోషాలన్నీ విప్పేస్తుంది.

"ఒక్క చెంచా కలిపి చూడు," అందావిడ ఇప్పుడు కోడలితో. "నాలుక మీద పెట్టగానే చెప్పేస్తాను. నా దగ్గరా నీ ల్యాబు?"

కోడలు కాసేపు ఆలోచించింది. ఆమెకి నిజంగానే ఒక చిక్కు వచ్చిపడింది. ఆ బిస్కెట్లు పిల్లల ఆసుపత్రికి వెళ్లాలి. జబ్బుపడి లేచి, రెండు ముద్దలు కూడా తినలేని పిల్లల కోసం చేసినవి అవి. ల్యాబులో రుచి చూసేవాళ్లు సగం మంది ఏదో చేదుందన్నారు, సగం మంది ఏమీ లేదన్నారు. పంపాలా ఆపాలా తేల్చాల్సింది ఆమే.

"సరే అత్తయ్యా, పందెం. మీరు కనిపెడితే డబ్బా ల్యాబుకి వెళ్లిపోతుంది. కనిపెట్టకపోతే ఇక్కడే ఉంటుంది."

"కట్టేశాను ఫో."

ఆదివారం మధ్యాహ్నం ఇల్లు ఇల్లంతా ల్యాబైపోయింది. వెనకగదికి తెరలు దించి, బల్బుకి ఎర్ర కాగితం చుట్టారు. ఆ పిండికి ఒక దురలవాటు ఉంది. వంటసోడా తగిలితే బిస్కెట్ లోపల ఆకుపచ్చగా మారుతుంది. ఎర్ర వెలుగులో ఆ రంగు తెలియదు. ఒక్కొక్కరే లోపలికి వెళ్లాలి. పళ్లెంలో మూడు ముక్కలు ఉంటాయి, ఒక్కోదాని కింద ఒక్కో అంకె. కొన్ని ఉత్త గోధుమపిండివి, కొన్ని ఈ పిండి కలిపినవి; రెండు ఒకటే రకం, మూడోది వేరు. వేరేది ఏదో చూపించాలి. తర్వాత నోరు పుక్కిలించి ఇంకో పళ్లెం. ఇలా ఐదు పళ్లేలు.

పెద్దావిడ ముందు వెళ్లి, పరీక్షలో ఫస్టు మార్కు వచ్చేసినట్టు నవ్వుతూ బయటికొచ్చింది. కొడుకు వెళ్లి, అన్నీ ఒకేలా ఉన్నాయని చెప్పి, అనుమానం తీరక పక్కనున్నవి కూడా తినేసి వచ్చాడు.

పెద్దాయన వెళ్లి కూర్చున్నారు. లైసెన్సు కోసం కళ్లు పరీక్ష చేయించుకున్నంత శ్రద్ధగా ఒక్కో ముక్కా నమిలారు. ఇక్కడ ఎలా ఉందని ఎవరూ అడగడం లేదు. ఏది వేరు అని మాత్రమే అడుగుతున్నారు. ఆ ప్రశ్నకి అబద్ధం చెప్పాల్సిన అవసరం ఆయనకి జీవితంలో ఎప్పుడూ రాలేదు. అందుకని తెలిసింది తెలిసినట్టు చూపించుకుంటూ పోయారు.

అందరూ హాల్లో చేరాక కోడలు ఫలితాలు చెప్పింది.

"అత్తయ్యకి ఐదింటిలో ఒకటి."

"ఆ ఎర్రలైటుకి నాకు తల తిరిగింది," అంది పెద్దావిడ.

"ఈయనకి సున్నా. నములుతున్నది ఏమిటో కూడా ఈయనకి తెలిసినట్టు లేదు." కొడుకు తల గోక్కున్నాడు. కోడలు కాగితం మళ్లీ ఒకసారి చూసుకుంది. "మావయ్యగారికి ఐదుకి ఐదు."

మనవరాలు నోరు తెరిచింది. "బాగుంది తాతయ్యకా?"

"మా ల్యాబులో శిక్షణ తీసుకున్నవాళ్లకే ఐదూ రావు మావయ్యా. మా పరీక్షలకి రండి. వారానికి మూడు పొద్దుటిపూటలు, అంతే."

పెద్దాయన భార్య వైపు చూశారు. ఆవిడ కూడా ఆయన వైపే చూస్తోంది.

"అంటే మీకు అన్నీ తెలుస్తాయన్నమాట," అందావిడ మెల్లగా.

తేలు కుట్టిన దొంగలా ఆయన చూపు కిటికీ వైపు తిప్పుకున్నారు. ఐదు పళ్లేల బిస్కెట్ ముక్కలు నలభై ఏళ్ల 'బాగుంది'ని ఒక్క మధ్యాహ్నంలో బోనెక్కించాయి. "చూద్దాంలేమ్మా," అన్నారు కోడలితో.

పందెం ప్రకారం డబ్బా వంటింట్లోనే, గోధుమపిండి పక్కనే కుదురుకుంది. పెద్దావిడ దాని గురించి ఒక్క మాటా అనలేదు. ఆవిడ చూపంతా ఇప్పుడు ఆయన మొహం మీదే. కూర వడ్డించి ఎదురుగా నిలబడేది.

"ఎలా ఉంది?"

"బాగుంది."

"ఆహా."

ఆ 'ఆహా' ఆయన గొంతులో ముల్లులా దిగేది. పరధ్యానంగా ఉన్నట్టు నటిస్తే, "ఆలోచించి చెప్పండి, తొందరేం లేదు," అనేది. పెళ్లయిన కొత్తలో చిన్న మాటకే కళ్లనీళ్లు పెట్టుకునే పిల్ల అని, ఏదైనా బాగుందనడం మొదలుపెట్టారు ఆయన. తర్వాత అది మానడానికి సందు దొరకలేదు. ల్యాబుకి వెళ్తానంటే ఇన్నాళ్లూ నాలుక దాచుకున్నానని ఊరంతా చాటినట్టవుతుంది. వెళ్లనంటే కోడలి పని ఆగిపోతుంది. అడకత్తెరలో పోకచెక్క అంటే ఏమిటో ఆయనకి ఈ వయసులో తెలిసొచ్చింది.

బుధవారం సాయంత్రం కోడలు కొత్త బిస్కెట్లు తెచ్చింది. అందరూ హాల్లోనే ఉన్నారు. పెద్దావిడ కుర్చీలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది.

"పిండి ఇంకాస్త జల్లించాం. చక్కెర ఒక పిసరు పెంచాం. ఎలా ఉంది మావయ్యా?"

ఆయన నమిలారు, మింగారు. భార్య చేతులు ఆగాయి.

"బాగుంది."

కోడలు ఆయన ఎదుట నేల మీద కూర్చుంది. "మావయ్యా, ఇవి తినే పిల్లలకి మన మీద మొహమాటం ఉండదు. నచ్చకపోతే ఉమ్మేస్తారు. మళ్లీ ఇంకోసారి నోరు తెరవరు. మీరిప్పుడు నాకు బాగుందంటే నేను సంతోషంగా పంపేస్తాను."

ఆయనకి బస్సు గుర్తొచ్చింది. బ్రేకు పట్టీ అరిగిన చప్పుడు చెవికి తెలిసీ, బాగానే ఉందని సంతకం పెట్టేసిన రోజు ఒక్కటి కూడా లేదు తన ఉద్యోగంలో. ఆయన గొంతు సవరించుకున్నారు.

"చేదు లేదమ్మా. చేదన్నవాళ్లు సరైన మాట దొరక్క అలా అన్నారు. అది వగరు. తినేటప్పుడు తెలియదు. మింగేశాక నాలుక వెనక పట్టుకుంటుంది. చక్కెర ఎంత వేసినా పోదు."

కోడలి మొహం చింకి చేటంత అయింది. "వగరా? అందుకే సగం మందికి దొరకలేదు. మింగకముందే చెప్పించేశాం. చేదైతే నేను వేరే దారిలో పోయేదాన్ని. వగరైతే మందు ఉంది. పిండిని పుల్లటి నీళ్లలో నానబెట్టి వంచేస్తే చాలా వరకు దిగిపోతుంది. ఆ పచ్చరంగు కూడా తగ్గుతుంది."

పెద్దావిడ చిక్కుడుకాయల పళ్లెం పక్కన పెట్టి లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. లోపల గిన్నెల చప్పుడు. ఒకటి పడింది కూడా.

"అయిపోయారు నాన్నా," అన్నాడు కొడుకు గుసగుసగా.

"నువ్వు నోరు ముయ్యి. సున్నా మార్కుల వెధవా."

కాసేపటికి పెద్దావిడ ట్రే పట్టుకుని వచ్చింది. ట్రేలో మూడు గ్లాసుల టీ. ఒక్కో గ్లాసు కింద ఒక్కో కాగితం ముక్క, దాని మీద ఆవిడ దస్తూరీలో పెద్ద పెద్ద అంకెలు.

"కళ్లు మూసుకోండి."

"ఇప్పుడెందుకే?"

"మూసుకోమన్నాను. ఏది వేరో మీకు ఎలాగూ తెలుస్తుంది. ఏది బాగుందో చెప్పండి. ల్యాబులో చెప్పినట్టు చెప్పాలి. మొగుడు చెప్పినట్టు కాదు."

ఆయన కళ్లు మూసుకున్నారు. మొదటి గ్లాసు ఆయనకి చిరకాలంగా పరిచయం. మరిగి మరిగి నల్లబడి, గొంతు గీసుకుంటూ దిగే ఇంటి టీ. రెండోది తేలికగా ఉంది, పాల తీపి తెలుస్తోంది, మింగాక నోరు శుభ్రంగా ఉంది. మూడోది మళ్లీ మొదటిదే. తెలిసిపోయింది. వేలు ఏ గ్లాసు వైపు కదిపితే ఏమవుతుందో కూడా తెలిసిపోయింది. మొదటి గ్లాసు చూపిస్తే ఈ పూట గడిచిపోతుంది.

రెండో గ్లాసు పట్టుకున్నారు.

ఒక కన్ను తెరిచి చూశారు. పెద్దావిడ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది.

"అది నా టీ," అంది.

"నీ టీ ఏమిటి?"

"నేను వంటింట్లో తాగేది. మొదట ఒక పొంగు రాగానే నాకు వంపుకుంటాను. మిగిలింది మళ్లీ పొయ్యి మీద పెట్టి, మీకోసం మరగబెడతాను. ఇన్నాళ్లూ. ప్రత్యేకంగా."

"నాకోసమా?"

"కాపురానికొచ్చిన వారంలో పక్కింటావిడతో మాట్లాడుతూ పొయ్యి మీద టీ మర్చిపోయాను. అది తారులా అయింది. పారబొయ్యబోతుంటే మీరొచ్చి తాగి, బాగుందన్నారు. ఈ మనిషికి ఇలాగే ఇష్టం కాబోలు అనుకున్నాను. గ్యాసు ఎంత ఖర్చయినా ఏ రోజూ మానలేదు. ఒంట్లో బాగోని రోజు కూడా నిలబడి మరగబెట్టాను."

పెద్దాయనకి నవ్వు ఎక్కడో పొట్టలో మొదలైంది. ఆపుకోబోయారు, భుజాలు ఊగాయి. ఆవిడ కోపంగా చూస్తూ చూస్తూనే పక్కున నవ్వేసింది. నవ్వుతూ కుర్చీలో కూలబడింది, కళ్లనీళ్లు వచ్చేదాకా.

"మరి నాకెందుకమ్మా ఆ తారు పోశావు ఇన్నేళ్లు?" అన్నాడు కొడుకు, నిజంగానే బాధపడుతూ.

"ఆయన కొడుకువి కదా, ఆ రుచే వచ్చుంటుంది అనుకున్నాను."

కోడలు నవ్వు ఆపుకోలేక గోడకి ఆనుకుంది. మనవరాలికి సగమే అర్థమైనా అందరికన్నా గట్టిగా నవ్వింది.

నవ్వు సర్దుకున్నాక పెద్దావిడ కొంగుతో కళ్లు తుడుచుకుంది. "ఇంకా ఏమేం ఉన్నాయి అలాంటివి?"

"అన్నీ ఒక్క రోజే వద్దులే."

"అంటే ఉన్నాయన్నమాట."

"బంగాళాదుంప వేపుడు చివర్లో ఎక్కువసేపు కదుపుతావు, చితికిపోతుంది. మజ్జిగలో ఉప్పు." ఆయన ఆగి, ఆవిడ మొహం చూసి, ఇంకాస్త ధైర్యం తెచ్చుకున్నారు. "మిగతావి నిజంగానే బాగుంటాయే."

"అది ఎలా నమ్మను?"

"ల్యాబులో చెప్పినట్టే చెబుతున్నాను."

ఆవిడ చిక్కుడుకాయల పళ్లెం ఒళ్లోకి లాక్కుంది. కానీ పెదాల చివర నవ్వు ఇంకా పోలేదు.

కోడలు మర్నాడే పిండిని నిమ్మరసం పిండిన నీళ్లలో నానబెట్టించింది. వంచి, ఆరబెట్టి, మళ్లీ పట్టించి, శనివారం పది బిస్కెట్లు ఇంటికి తెచ్చింది. పెద్దాయన ఒకటి తిని, మింగి, చాలాసేపు ఆగారు. అందరూ ఆయన గొంతు వైపే చూశారు. "పట్టుకోవడం లేదు," అన్నారు చివరికి. "ఇంక పంపొచ్చు." పెద్దావిడ ఒకటి తీసుకుంది. దాణా అని అనలేదు. రెండోది తీసుకునేటప్పుడు మాత్రం, ఉప్పు ఒక రవ్వ తగ్గిందని అంది. కోడలు అది ఒప్పుకుని రాసుకుంది కూడా.

ఆదివారం మధ్యాహ్నం అందరూ భోజనాల బల్ల చుట్టూ కూర్చున్నారు. ఆసుపత్రి నుంచి కోడలికి ఫోనొచ్చింది. నిన్న సాయంత్రం ముందుగా పంపిన ఒక పొట్లంలో ముక్క కూడా మిగల్లేదట. నాలుగో మంచం పిల్లవాడు పక్క మంచం వాడి వాటాకి ఎసరు పెట్టాడని నర్సు చెప్పిందట. కోడలు ఆ సంగతి చెబుతుంటే కొడుకు బల్ల మీద దరువేశాడు, మనవరాలు తన బిస్కెట్ వాటా ఎప్పుడని పేచీ మొదలుపెట్టింది. పెద్దావిడ అందరికీ కూర వడ్డించి, తనూ కూర్చుంది. ఎలా ఉందని అడగలేదు.

పెద్దాయన ముద్ద కలుపుతూ, తలెత్తకుండా, రోజూ మాట్లాడే గొంతుతోనే అన్నారు.

"రేపట్నుంచి నేను అమ్మాయితో ల్యాబుకి వెళ్తున్నాను. వారానికి మూడు రోజులు. అక్కడికి వెళ్లే ముందు గంటసేపు నోట్లో ఏమీ వేసుకోకూడదట. అందుకని ఆ రోజుల్లో టిఫిను తొందరగా అయిపోవాలి. నేనే పెందలాడే లేచి, అందరికీ చేసి పెడతాను. తిని ఎలా ఉందో నిజం చెప్పాలి. నేనూ ఇకమీదట అంతే."