మొదటి పెట్టెలో పండు

జమున చేతులకు నూనె రాసుకుని అంటుకున్న అరటి కర రుద్దుకుంటోంది. ఎంత రుద్దినా నల్లటి మరకలు వదలడం లేదు.

వలసొచ్చిన భేస్తాన్‌లో మగ్గాలు ఆగిపోయాక భర్త మల్లేష్, ఆమె ఈమధ్యే కిమ్ అనే ఊరి దగ్గర అరటికాయలు ఎగుమతి చేసే షెడ్డులో చేరారు. ఆమె కాయలు కడిగి పెట్టెల్లో సర్దుతుంది. అతను వాటిని చల్లటి కంటైనర్‌లోకి ఎక్కించి, తలుపుకు తీగ సీలు వేస్తాడు.

"మీ కాయలు పోయే గా మంచు దేశంల అరటిచెట్లు పెరగయారా?" అంది అత్త ఎల్లవ్వ, కొడుక్కి అన్నం వడ్డిస్తూ.

"పెరుగుతయవ్వా, అద్దాల ఇండ్లల్ల. చెట్లకు చలిమంట పెట్టాలె. పండ్ల కంటే కరెంటు బిల్లే ఎక్కువైతదట!" మల్లేష్ నవ్వాడు. "అందుకే మన పచ్చికాయ కొంటరు. ఓడల పోయేటప్పుడు పండొద్దు. ఒక్క పండు కలిసినా దాని గాలికి పక్క కాయలు, వాటి గాలికి పెట్టెలన్ని పండుతయి. పోయినసారి గట్లనే లోడంత మురిగితే, సేఠు సీలేసినోన్ని ఎల్లగొట్టిండట."

జమున చేతులు ఆగిపోయాయి.

కొత్త మగ్గం మీద దిగిన మొదటి బట్ట తాను బజారుకు పోయేటప్పుడు మడతలో ప్రసాదం పెట్టడం ఆ ఇంటి ఆనవాయితీ. బట్టకు దానివల్ల ఎన్నడూ ఏమీ కాలేదు. నిన్న ఎల్లవ్వ మార్కండేయుడి పటం ముందున్న అరటిపండు కోడలి చేతిలో పెట్టి, "మీ మొదటి లోడు. ఎవ్వలకు చెప్పకు," అంది. ఈ పొద్దున జమున దాన్ని మొదటి పెట్టెలో, కాయల అడుగున దాచింది. మచ్చలు పడ్డ, బాగా మాగిన పండు.

"కంటైనర్ పోయిందా?" అంది జమున.

"లేదు, సీలేసి వచ్చిన. పొద్దూకంగ తీస్కపోను ట్రైలర్ వస్తది. ఏం, నువ్వు గూడ ఎక్కి పోతవా?"

ఎల్లవ్వ గరిటె వదిలేసి, వద్దన్నట్టు తల ఊపింది. చెబితే సేఠుకు తెలిసి ఇద్దరి పనీ పోతుంది. చెప్పకపోతే నడిసముద్రంలో, ఆ చీకట్లో, ఆ పండు ఒక్కొక్క కాయనే ముట్టుకుంటూ పోతుంది. తలుపు తెరిచిన రోజు మల్లేష్ పేరే బయటికొస్తుంది. జమునకు అప్పుడే ముక్కులో మురిగిన పండ్ల వాసన.

"ఇగో... మొదటి పెట్టెల, అడుగున, దేవుని పండు పెట్టిన."

మల్లేష్ నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఆగిపోయాడు.

"నేనే ఇచ్చిన బిడ్డా, దాన్ననకు," అంది ఎల్లవ్వ.

అతను కంచంలోనే చెయ్యి కడిగాడు. మగ్గం సామాను సంచిలోంచి తీగలు కోసే కటింగ్ ప్లయర్ తీసి చొక్కా కింద దోపుకున్నాడు. చెప్పులు తొడుక్కుని, ట్రైలర్ రాకముందే షెడ్డుకు చేరాలని ఇల్లు దాటాడు.