పదిహేడో నంబరు చెవిరేడియో

నేను ఒక చెవిరేడియోను. గైడు మైకులో చెప్పింది నన్ను మెడలో వేసుకున్నవాళ్ల చెవికి చేర్చడమే నా పని. తిరిగి బదులు పంపడం నాకు చేతకాదు.

చైనాలో పుట్టి, పాత కూడళ్లు తిప్పిచూపే టూర్లవాళ్ల పెట్టెలో పడి, మాడ్రిడ్‌లో కాపురానికొచ్చాను. ఆరేళ్లలో ఎన్ని మెడలెక్కానో లెక్కలేదు. అందరూ చరిత్ర వినడానికే వస్తారు. తీరా రాజుగారి పట్టాభిషేకం మొదలయ్యేసరికి, మధ్యాహ్నం భోజనంలో పెరుగుంటుందా అని పక్కవాళ్లని అడుగుతారు. దానికి నేనేమీ అనుకోను. నా భయమల్లా ఒక్కటే. గైడుకు వంద గజాలు దూరమైతే నేను మూగపోతాను, నన్ను నమ్ముకున్న మనిషి తప్పిపోతాడు.

ఆ రోజు నాగభూషణం గారి మెడలో ఉన్నాను. అమలాపురంలో ముప్ఫై ఆరేళ్లు ఉత్తరాలు పంచి, ఒక్క గుమ్మం కూడా తప్పని పోస్ట్‌మాన్. ఏడాదిగా మతిమరుపు. ఆయన భార్య రత్నమాణిక్యం గారు పొద్దున్నే నన్ను ఆయన మెడలో వేసి, "ఇది తియ్యకండేం. ఇందులో ఎలా చెబితే అలా నడవండి," అని మూడుసార్లు చెప్పారు. ఆవిడ ధైర్యమంతా నా మీదే పెట్టుకున్నారు. అదే నాకు గుబులు.

సోల్ కూడలిలో ఎలుగుబంటి విగ్రహం దగ్గర బాగానే ఉన్నారు. అక్కణ్ణించి ప్లాసా మయోర్ అనే పెద్ద కూడలికి వచ్చాం. చుట్టూ ఎర్రమేడలు, బయటికి పోవడానికి తొమ్మిది ద్వారాలు. ఆ తొమ్మిదంటే నాకు మొదటినుంచీ దడే. గైడు నిఖిలేష్ నడుమనున్న గుర్రమెక్కిన రాజు విగ్రహం సంగతి చెబుతుంటే, ఒకామె తపాలా బండి తోసుకుంటూ పక్కనుంచి పోయింది. నాగభూషణం గారు డ్యూటీకి వేళైనట్టు ఆ బండి వెనకాలే నడిచారు.

ద్వారం దాటాం. నిఖిలేష్ గొంతు గరగరమంది. ఆగండి మహానుభావా అందామంటే నాకు నోరేదీ? ఒక సందు, ఇంకో సందు. బండామె ఏదో తలుపు తీసుకుని లోపలికి పోయింది. ఆయన నిలబడిపోయి అటూ ఇటూ చూశారు. నా తాడు గట్టిగా పట్టుకున్నారు. ఇంకో పదడుగులు వేస్తే నాకేమీ అందదు.

ఆ గరగరలో రత్నమాణిక్యం గారి గొంతు వచ్చింది. నిఖిలేష్ మైకు ఆవిడ చేతికిచ్చినట్టున్నాడు. "ఏమండీ, ఎక్కడున్నారు? ఏమండీ..."

ఆయన కదల్లేదు. అక్కడ మా గుంపులో మగాళ్లంతా మాత్రం ఉలిక్కిపడి పెళ్లాల వైపు చూశారని నిఖిలేష్ తర్వాత చెప్పాడు.

"పేరు పెట్టి పిలవండమ్మా," అని నిఖిలేష్ అనడం వినిపించింది.

"పేరెలా అంటాను బాబూ? ఆయుష్షు తగ్గుద్దంటారు."

ఆయన ఇంకా దూరంగా అడుగులు వేస్తున్నారు. ఆరు, ఏడు. ఆవిడ ఎప్పుడూ ఆయన పేరు పలకడం నేర్చుకోలేదు. ఆ పేరు ఇంట్లో వినిపించిందల్లా చనిపోయిన అత్తగారి నోటే. చివరికి అదే గుర్తొచ్చినట్టుంది.

"ఒరే భూషణం. అన్నం చల్లారిపోతోంది, రా."

ఆయన తిరిగారు.

"వస్తున్నానమ్మా," అన్నారు.

ఆవిడ పిలుస్తూనే ఉన్నారు. గొంతు తేటపడిన వైపే ఆయన నడిచారు. ద్వారంలో కనపడగానే ఆవిడ పరుగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకున్నారు.

"అన్నం చల్లారిపోయిందా?" అన్నారాయన.

"నా గొంతు గుర్తుపట్టారు, చూశారా," అని ఆవిడ కళ్లు తుడుచుకుంటూ అందరికీ చెప్పుకున్నారు.

ఆయన ఎవరికి బదులు చెప్పారో నాకొక్కదానికే తెలుసు. బదులు పంపడం నాకు చేతకాదని మొదటే చెప్పాను కదా. ఆ చేతకానితనానికి నేను సంతోషించింది ఆ ఒక్కరోజే.