ఎడంవైపు మూడో స్తంభం

పదిహేడో చాప దులిపి గోడకి ఆనించి, కూర్మమ్మ నడుం పట్టుకుని ఒక్క నిమిషం నిలబడింది. ఇంకా పదమూడు చాపలున్నాయి. చాపకొక వేపపుల్ల, తలకిందికొక బట్టలమూట, పదిమందికొక మంచినీళ్ళ కూజా. శనివారం మిట్టమధ్యాహ్నం ఎండ వాకిట్లో మండిపోతోంది. సాయంత్రం బస్సులకి జనం బిలబిలమంటూ దిగిపోతారు. మార్చి నెల, పైగా తెల్లారితే ఆదివారం, పైగా సూర్యనారాయణమూర్తి పాదాలమీద కిరణాలు పడే రోజు! ఆ రాత్రికి అరసవల్లిలో నడుం వాల్చుకోవడానికి జానెడు అరుగు దొరికినవాడు అదృష్టవంతుడే.

గుడికి నాలుగిళ్ళ అవతల ఉన్న ఆ పెంకుటింటికి బోర్డూ లేదు, పేరూ లేదు. కూర్మమ్మ ఇల్లంటే శ్రీకాకుళం రోడ్డులో జట్కావాళ్ళు తిన్నగా తెచ్చి దింపేస్తారు. రెండు గదులు, పొడుగాటి వసారా, పెరట్లో గిలకబావి, బావి పక్కన వంటింటి పాక. రాత్రి పడక, పొద్దున్న దర్శనం చేసుకొచ్చాక వేడివేడిగా ఇంత ఉప్మా, లేదంటే చోడి అంబలి, అదే రాగిజావ. అంతే. అది తిని చెయ్యి కడుక్కున్నాక ఎవరి దారి వాళ్ళది.

రథసప్తమికి ఆ ఇంట్లో కాలు పెట్టే చోటుండదు. పశువులశాలలో గడ్డి పరిచి పడుకోబెట్టిన ఏళ్ళున్నాయి. మాఘమాసం ఆదివారాలు నాలుగూ తిరనాళ్ళే. వేసవి వచ్చిందంటే వీధిలో కుక్క కూడా కనపడదు. అప్పుడు కూర్మమ్మ గోడలకి సున్నం వేస్తుంది, ఆమె భర్త లక్ష్ముడు పెంకులు సర్దుతాడు. వానాకాలంలో ఎలాగూ కారతాయనుకోండి, అది వేరే సంగతి. మళ్ళీ అక్టోబరులో కిరణాలు పడే రోజులొస్తే అటకమీంచి చాపలన్నీ బయటికి రావలసిందే. ఇరవయ్యారేళ్ళుగా ఇదే వరస. పిల్లలు లేరు. ఉన్నారో లేరో ఆలోచించుకునే తీరిక కూడా లేకుండా పోయిందని లక్ష్ముడు నవ్వుతూ అనేవాడు గానీ, చంటిపిల్లతో ఎవరైనా దిగితే ఆ పిల్ల తెల్లారేదాకా అతని భుజంమీదే ఉండేది.

సాయంత్రం మొదటి బస్సుకే విజయనగరం నుంచి ఒక కొత్త జంట దిగారు. కాళ్ళు కడుక్కోగానే ఆ పిల్ల కూర్మమ్మని అడిగింది. "అమ్మా, కిరణాలు ఎక్కడ నిలబడితే బాగా కనపడతాయి?"

కూర్మమ్మకి ఈ పాఠం కంఠతా వచ్చు. "మండపంలోకి ఎల్లగానే ఎడంపక్కన మూడో స్తంభం ఉంటాది. దాన్ని ఆనుకుని నిలబడండి, కదలకండి. ఎవులు తోసినా కదలకండి. ముందు పాదాల కాడ ఎర్రగా నిప్పుకణికలా పడతాది. ఆనక మెల్లగా పైకి పాకుతాది. సూడ్డానికి రెండు కళ్ళూ సాలవు తల్లీ!"

ఆ పిల్ల కళ్ళు ఇంతలేసి చేసుకుని విన్నది. బావి దగ్గర చేద లాగుతున్న లక్ష్ముడు మాత్రం అటు తిరిగి, అక్కర్లేకపోయినా తాడు సర్దుకోవడం మొదలుపెట్టాడు.

ఇందులో తిరకాసేమిటంటే, ఇంత చెప్పే కూర్మమ్మ ఆ కిరణాలని ఒక్కనాడూ చూడలేదు. ఎలా చూస్తుంది? ఊరంతా గుడిలో ఉండే ఆ సమయానికి ఆవిడ పొయ్యిముందు ఉండాలి. దర్శనం అయి వచ్చేసరికి జనం ఆకలితో నకనకలాడుతుంటారు. ఆదివారం వ్రతం పట్టినవాళ్ళకి ఉప్పు లేకుండా ఒక గుండిగ, మిగతావాళ్ళకి ఉప్పుతో ఒక గుండిగ. రెండూ కలిసిపోకుండా చూడాలి. ఆ స్తంభం, ఆ నిప్పుకణిక, ఆ పైకి పాకడం, అన్నీ ఈ ఇల్లు పెట్టిన కొత్తలో లక్ష్ముడు చెప్పిన మాటలే. అతను చిన్నప్పుడెప్పుడో చూశానన్నాడు. ఆవిడ నమ్మింది. ఆ మాటలే వేలమందికి అప్పజెప్పింది.

ఇన్నాళ్ళూ ఆవిడకి చింత లేదు. ఎదురుగానే ఉన్నాడు కదా దేవుడు, ఎక్కడికి పోతాడు, వచ్చే ఏడు చూద్దాం అనుకునేది. కిందటి వర్షాకాలంలో కుడికన్ను పోయింది. శ్రీకాకుళంలో కళ్ళ డాక్టరు నీటికాసులన్నాడు. పోయిన చూపు రాదన్నాడు, ఎడంకన్ను కూడా ఏడాది ఆగితే గొప్పేనన్నాడు. ఇప్పుడు ఆ కంటికి ప్రపంచం సన్నటి గొట్టంలోంచి చూసినట్టుంది. వచ్చే ఏడు అనే మాట ఇంక లేదు. చూస్తే రేపే చూడాలి.

దీపాలు పెట్టే వేళకి లక్ష్ముడు ఆవిడ పక్కన వచ్చి కూచున్నాడు. అరవై దాటిన మనిషి, ఎండిన సరుగుడు కర్రలా ఉంటాడు. ఈ మధ్య నాలుగు చేదలు లాగితే ఆయాసం.

"ఏటే, రేపు నువ్వెల్లు."

"నానెల్తే పొయ్యెవులు సూస్తారు?"

"నాను సూస్తాను. ఉప్మా సెయ్యడమేటి, కోట కట్టడమా?"

"నీకు ఏ గుండిగలో ఉప్పెయ్యాలో తెల్దు మావా. వ్రతాలోల్ల నోట్లో ఉప్పు పోసి పాపం కట్టుకుంటావు."

"ఉప్పులేని దానికి వేపమండ కడతాను. ఇంకేటి?"

"ముప్పై మంది..."

"ఒసే," అన్నాడు లక్ష్ముడు. గొంతులో నవ్వు పోయింది. "నీ కన్ను ఆరిపోయినాక ముప్పై మందికి వొండితే ఏటి, మూడొందల మందికి వొండితే ఏటి? ఎల్లు. ఎల్లి సూసి రా. నాకు సెప్పుదువు గాని."

కూర్మమ్మ చెంగుతో ముక్కు తుడుచుకుని, చిమ్నీ గ్లాసు తుడవడానికి లేచింది. మొగుడు తనకోసం పొయ్యి ముట్టిస్తానన్న మొదటిమాట అది. నలభయ్యేళ్ళ కాపరంలో అతను నీళ్ళు తోడాడు, కట్టెలు కొట్టాడు, బస్సుకెళ్ళి జనాన్ని తెచ్చాడు, గరిట మాత్రం పట్టలేదు. పట్టనిచ్చిందెవరు?

కోడి కూతకి ముందే లేచి అలవాటు ప్రకారం ఒక్కొక్కరినీ లేపింది. కూర్మమ్మ ఎవరినీ పేరుపెట్టి కేకేసి లేపదు. తలమీద చెయ్యి వేస్తుంది. అరసవల్లి వచ్చేవాళ్ళలో ఒంటినిండా మచ్చలున్నవాళ్ళుంటారు, పుళ్ళున్నవాళ్ళుంటారు, సొంత ఇంట్లోనే ఎడంగా చాప వేసినవాళ్ళుంటారు. వాళ్ళ తలమీదా అదే చెయ్యి, అంతసేపే. ఆ చెయ్యి తగలగానే కొందరు లేచి కూచుని ఎందుకో ఏడుస్తారు. ఆవిడ చూడనట్టు పక్క చాపకి వెళ్ళిపోతుంది.

వసారా చివర అసిరయ్య అప్పటికే లేచి వేపపుల్ల నములుతున్నాడు. అతనిది శృంగవరపుకోట అవతల పల్లె, ఎకరన్నర మెట్ట. పదిహేనేళ్ళుగా ఏటా ఈ రోజుకి వస్తాడు, కూర్మమ్మని అక్క వరసన అప్పా అని, లక్ష్ముణ్ణి మావా అని పిలుస్తాడు. ఇవాళ కూర్మమ్మ ఉతికిన చీర కట్టుకుని వాకిట్లో నిలబడితే నోట్లో పుల్ల తియ్యడం మరిచిపోయాడు.

"ఓలమ్మ! అప్ప గుడికొస్తన్నాదేటి?"

"రానీ, నవ్వకు," అంది కూర్మమ్మ సిగ్గుపడుతూ.

వెనక పాకలోంచి పొగ, దగ్గు, "బేగి ఎల్లండి, పొద్దు మీకోసం ఆగదు" అని లక్ష్ముడి కేక. ఆవిడ రెండడుగులు వెనక్కి వేసి పాకలోకి తొంగిచూసింది. రెండు గుండిగలూ పొయ్యిమీద ఉన్నాయి, ఒకదాని చెవికి వేపమండ వేలాడుతోంది. రవ్వ వేయిస్తున్నవాడు తలెత్తకుండానే చేత్తో వెళ్ళమన్నాడు. ఆవిడ వెళ్ళింది.

గుడిలో ఇసకేస్తే రాలని జనం. కూర్మమ్మ తడుముకుంటూ మండపంలో ఎడంవైపు స్తంభాలు లెక్కపెట్టుకుంది. ఒకటి, రెండు, మూడు. మూడోదాన్ని రెండు చేతులా కావలించుకుని ఎడంకన్ను గర్భగుడివైపు తిప్పింది. గోడ కనపడింది. మెడ సాచింది. ఇంకా గోడే. ఎవరిదో బట్టతల, దాని వెనక మళ్ళీ గోడ. బయట తూర్పు తెల్లబడుతోంది, జనం గోవిందలు మొదలుపెట్టారు. కన్ను అప్పుడే ఆరిపోయిందా ఏమిటి?

అప్పుడు ఎవరో చెయ్యి పట్టుకుని గట్టిగా లాగారు. అసిరయ్య.

"అప్పా! అక్కడేటి కనపడతాది, మతి పోయిందేటి? ఇటు నడిమికి రా!"

"మూడో స్తంభం..."

"ఆ స్తంభం కాడ దేవుడి గుమ్మమే కనపడదు! మాకు మొదటేడే తెల్సు. నువ్వు అంత ఇదిగా సెప్తావు కదా, మనసు కష్టపెట్టడమెందుకని ఎవులూ అనం. నడూ!"

పదిహేనేళ్ళుగా వచ్చేవాళ్ళందరికీ తెలుసు! వాళ్ళు వచ్చి, ఆవిడ చెప్పిందంతా తలలూపుతూ విని, ఇక్కడికొచ్చి నడిమధ్యన నిలబడి, తిరిగొచ్చి "నువ్వు సెప్పినట్టే సూసినాం అప్పా" అని ఉప్మా తిని వెళ్ళారు. కూర్మమ్మకి నవ్వొచ్చింది, కోపమొచ్చింది, ఏది ముందు రావాలో తెలియలేదు.

అసిరయ్య భుజాలతో తోసుకుంటూ ఆవిడని ముందుకి నిలబెట్టాడు.

వచ్చింది. నిప్పుకణికలా కాదు. ఎర్రగానూ కాదు. అప్పుడే కాచిన నెయ్యిలా పచ్చగా, పల్చగా, చప్పుడు లేకుండా గుమ్మం దాటి వచ్చి నల్లరాతి పాదాలమీద కూచుంది. కాస్సేపు అక్కడే ఉంది. మెల్లగా మోకాళ్ళదాకా లేచింది. గొట్టంలాంటి ఆ చూపులో ఇంకేమీ లేదు, ఆ పాదాలు తప్ప. కూర్మమ్మ దణ్ణం పెట్టడం మరిచిపోయింది. కన్ను ఆర్పితే పోతుందేమోనని నీళ్ళు కారుతున్నా ఆర్పలేదు.

తీర్థం కోసం ఆగలేదు. జనంలోంచి బయటపడి ఇంటిదారి పట్టింది. ఆవిడకి ఇప్పుడు అంతా అర్థమైంది. చిన్నప్పుడు చూశానన్నది ఉత్తమాట! ఇల్లు పెట్టిన మొదటి ఏడు ఎవడో బాటసారి ఎక్కడ నిలబడాలని అడిగి ఉంటాడు. ఇల్లు నడిపేవాడు తెలియదని ఎలా అంటాడు? నోటికొచ్చిన స్తంభం చెప్పి ఉంటాడు. పెళ్ళానికీ అదే చెప్పాడు, తరవాత దిద్దుకోలేకపోయాడు. అతను మాత్రం ఎప్పుడు వెళ్ళాడు కనక? ఏ ఏడు చూసినా ఆ వేళకి చేద పట్టుకుని బావిదగ్గరే ఉన్నాడు. తనూ చూడనివాడు, పెళ్ళాన్ని పంపాడు! దొరికాడివాళ, జన్మంతా ఏడిపించొచ్చు.

వీధి గుమ్మంలోంచే మొదలుపెట్టింది. "ఏటి మావా! మూడో స్తంభం కాడ నీకేటి కనపడిందయ్యా? గోడ కనపడిందా?"

వసారా పొడుగునా ముప్పై విస్తళ్ళు వరసగా వేసి ఉన్నాయి. నీళ్ళు చల్లి ఉన్నాయి. పాకలో పొయ్యి ఆర్పేసి, రెండు గుండిగలమీదా మూతలు పెట్టి ఉన్నాయి. లక్ష్ముడు పాక గడపమీద కూచుని, తల ద్వారబంధానికి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. నుదుట చెమట, మీసంమీద ఒక రవ్వ పలుకు.

"దొంగనిద్ర సాలు, లే," అంటూ ఆవిడ తలమీద చెయ్యి వేసింది.

వేలమందిని లేపిన చెయ్యి అది. నిద్రపోతున్న తల ఎలా ఉంటుందో దానికి తెలుసు. ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది.

కూర్మమ్మ కేక పెట్టలేదు. అతని పక్కన గడపమీద చోటు చేసుకుని కూచుంది. "ఎర్రగా ఉండదు మావా," అని మొదలుపెట్టింది. "నెయ్యి రంగు. పాదాల కాడ కూకుంటాది, తొందరనేదు దానికి. మోకాళ్ళ దాకా వొచ్చింది, నాను సూసినాను. నువ్వు సెప్పమన్నావు కదా, సెప్తన్నాను." మొత్తం చెప్పింది, అసిరయ్య లాగిన సంగతితో సహా. చెప్పడం అయ్యాక ఏడుపొచ్చింది. ముప్పై మందికి నీళ్ళు తోడి, కట్టెలు మోసి, రెండు గుండిగలు దించిన ఆయాసమే అతన్ని తీసుకుపోయింది. తను ఉండాల్సిన చోట అతను ఉన్నాడు. తను గుడికి వెళ్ళకపోతే బతికుండేవాడు కదా అనే మాట గుండెల్లో దిగబడింది. ఆ మాట ఇంక చచ్చేదాకా పోదని కూడా అప్పుడే తెలిసిపోయింది.

వీధిలో జనం మాటలు వినపడ్డాయి. ఆవిడ కళ్ళు తుడుచుకుని, లేచి, వీధి గుమ్మానికి రెండు చేతులూ అడ్డం పెట్టి నిలబడింది.

"లోపలికి రాకండి బాబూ. దర్శనం సేసుకొచ్చినోల్లు, మైల తగుల్తాది. మా ఆయన పోనాడు." తరవాత, తలొంచుకుని, "ఆకలితో పంపిస్తన్నాను. ఏటనుకోకండి," అంది. ఇరవయ్యారేళ్ళలో ఆ గుమ్మంలోంచి పరగడుపున ఎవరూ వెళ్ళలేదు. విజయనగరం పిల్ల వెక్కి వెక్కి ఏడ్చింది. వాళ్ళ మూటలు అసిరయ్య ఒక్కొక్కటే బయటికి అందించాడు. అతను మాత్రం ఆ చేతుల కింద నుంచి వంగి ఎప్పుడో లోపలికి వచ్చేశాడు. "నాకు మైలేటి అప్పా," అన్నాడు, "మావకి నాను పైవోణ్ణా?"

మధ్యాహ్నానికి తీసుకెళ్ళారు. అసిరయ్యే తలకొరివి పెట్టాడు. ఆచారం ప్రకారం ఇరుగుపొరుగు ఆడవాళ్ళు ఇంట్లో నీళ్ళన్నీ ఒలకబోసి, రెండు గుండిగలూ పెరట్లో బోర్లించేశారు. ఒక్కరైనా రుచి చూడని ఉప్మా వేపచెట్టు కింద కాకులకి పోయింది.

సందెవేళకి అందరూ వెళ్ళాక, స్నానం చేసిన తడిచీరతో కూర్మమ్మ దీపం పెట్టడానికి పాకలోకి వెళ్ళింది. అగ్గిపెట్టె కోసం పొయ్యిపైన గూట్లోకి చెయ్యి పోనిస్తే విస్తరాకు తగిలింది. ఆ ఇంట్లో అందరూ తిన్నాక గుండిగ అడుగున మిగిలింది నిలబడి గీక్కుతినడమే తప్ప, తనకని ఎవరూ ఏనాడూ తీసి ఉంచలేదు. రెండు చేతులా జాగ్రత్తగా కిందికి దించి, ఎడంకంటికి దగ్గరగా పెట్టుకుని చూసింది. ఒక మనిషికి సరిపడా ఉప్మా, దానిమీద మరో ఆకు బోర్లించి, గాలికి లేచిపోకుండా పైన ఒక నున్నటి గులకరాయి.