ఖాళీ విమానానికి మెత్తటి తోక

నా నేస్తం వెర్లిన్ విమానం తోకచక్రానికి పాత కమాను పట్టీలు ఉన్నన్నాళ్లూ, రాళ్ల మీద దిగినప్పుడల్లా వెనక సీట్లో ఉన్న నా పళ్ల సెట్టు ఎగిరి ముందు సీట్లో వాడి ఒళ్లో పడేది. మా అలాస్కాలో నది మధ్య గులకరాళ్ల దిబ్బలే రన్‌వేలు మరి. అందుకని వాడు ఈ వేసవిలో పట్టీలు పీకేసి, గాలి నింపే షాక్ అబ్జార్బర్ బిగించాడు. బిగించడం ఒక పూట పని. మెత్తబరచడమే ఎంతకీ తెమల్లేదు. కాస్త గాలి తీయడం, ఎగిరి దిగడం, మళ్లీ కాస్త తీయడం. చివరికి కాఫీ కప్పుతో దిగినా చుక్క ఒలకలేదు. ఆ కప్పును ఊరంతా తిప్పి చూపించాడు.

సెప్టెంబరులో ఇద్దరం ఒక దిబ్బ మీద దిగాం. విమానంలో ఎగిరొచ్చిన రోజున వేటాడకూడదని మా దగ్గర చట్టం గనక గుడారంలో పడుకుని, మర్నాడు మూస్ దుప్పిని కొట్టాం. నా చలికాలం తిండి అదే. అది పడిన చోట నది పక్కకు తప్పుకుని పారింది, అంత పెద్దది. కోసి మూటలు కట్టేసరికి అవతలి గట్టున ఎలుగుబంటి వచ్చి కూర్చుంది.

"తొందరగా ఎక్కించరా," అన్నాను.

వెర్లిన్ వెనక అరలో ఒక తొడ పెట్టాడు. తోక కుంగింది. రెండోది పెట్టాడు. తోక రాళ్ల మీద చతికిలబడింది.

"గాలి చాల్లేదు," అన్నాడు గడ్డం గోక్కుంటూ.

"అయితే కొట్టు."

"పంపు ఇంటి దగ్గరుంది."

"వేసవంతా సరిచేశావు కదరా?"

"ఖాళీ విమానానికి సరిచేశాను."

"మాంసానికొచ్చిన విమానం ఖాళీగా పోతుందిట్రా?"

"కాఫీ ఒలికితే నువ్వే నవ్వేవాడివి, హోబర్ట్."

"ఇక్కడ నా చలికాలం ఒలికిపోతోందిరా."

వాడు కాసేపు నా సీటు వంక చూశాడు. తర్వాత తొడలు రెండూ తెచ్చి అందులో కూర్చోబెట్టి బెల్టు పెట్టాడు. బరువు ముందుకు జరిగేసరికి తోక లేచింది.

"మరి నేను?"

"మాంసమంతా తరలించాకే కొమ్ములు తీసుకెళ్లాలని కదా చట్టం. నువ్వు కొమ్ములతో రా. ఈసారి పంపు తెస్తాలే."

తుపాకీ ఒళ్లో పెట్టుకుని, మిగిలిన మూటల మీద కూర్చుని ఎలుగుబంటితో చూపులు కలిపాను. సాయంత్రానికి వెర్లిన్ వచ్చాడు. దూదిలా దిగాడు. నవ్వుతూ నా చేతికి కాఫీ కప్పు ఇచ్చాడు.

"చుక్క ఒలకలేదు, చూడు."

"పంపేదిరా?"

వాడు కప్పులోకి చూశాడు. పంపు మళ్లీ ఇంటి దగ్గరే ఉండిపోయింది. వాడు మిగిలిన మాంసం నా సీట్లో కట్టుకుని వెళ్లిపోయాడు.

కొమ్ముల పక్కన కూర్చుని ఆ కాఫీ తాగాను. అవతలి గట్టున ఎలుగుబంటి రెండు చేతులతో తల పట్టుకుంది. ఒట్టు, నా కళ్లతో చూశాను.